ఊగే కుర్చీ ఏ పద్దు కిందికి వస్తుంది?

హన్మకొండలో ఎగ్జిబిషన్ పడితే జెయింట్ వీల్, బ్రేక్ డాన్స్ పక్కన ఈ మధ్య ఒక చీకటి డబ్బా కూడా వెలుస్తోంది. మీద 9డి అనో 12డి అనో రాసి ఉంటుంది. ఆ అంకె ఏటేటా పెరుగుతోందే గాని ఆ డీలన్నీ ఏమిటో టికెట్ చింపే పిల్లగాడికి కూడా తెలియదు. లోపల కొన్ని కుర్చీలు, ఎదురుగా తెర, కాళ్ల దగ్గర గాలి, మొఖం మీద నీళ్ల తుంపర. పిల్లలకు ఇది గేమ్. పెద్దలకు రంగులరాట్నం లాంటిదే ఇంకొకటి. ఇది గేమా, రైడా అన్న ఈ తకరారు ఇప్పటిది కాదు, ఆ కుర్చీ రెండు వేర్వేరు వంశాల్లో పుట్టడం వల్ల వచ్చింది.

మొదటి వంశం 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో మొదలైంది. కాన్సాస్ సిటీలో ఒకప్పుడు ఫైర్ చీఫ్‌గా పనిచేసిన జార్జ్ హేల్ అక్కడ ఒక రైలుపెట్టె పెట్టాడు. నడుస్తున్న రైలు ముందు నుంచి తీసిన సినిమాను తెర మీద వేసి, పెట్టెను ఊపేవారు. జనం టికెట్ కొని కూర్చోవాలి, చూడాలి, దిగాలి. చేతికి పని లేదు.

రెండో వంశానికి మూలపురుషుడు ఎడ్విన్ లింక్. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో వాళ్ల నాయనకు పియానోలు, ఆర్గన్లు చేసే కార్ఖానా ఉండేది. ఆర్గన్‌కు గాలి ఊదే తోలుతిత్తులనే వాడుకొని 1929లో లింక్ ఒక పొట్టి విమానం తయారుచేశాడు. నడిపే కర్ర ఎటు తిప్పితే అటు తిత్తుల్లో గాలి ఎక్కి దిగి, పెట్టె వంగేది. పైలట్లకు నేర్పడానికి చేసిన ఆ యంత్రాన్ని సైన్యం మొదట పట్టించుకోలేదు. చాలావరకు వినోద పార్కులే కొన్నాయి, నాణెం వేసి జనం ఎక్కేవారు. 1934లో టపా విమానాలు నడిపే పని అమెరికా సైన్యం నెత్తిన పడింది. మబ్బుల్లో, మంచులో నడపడం రాక పైలట్లు చనిపోయారు. అప్పుడు గాని సైన్యం ఆరు యంత్రాలు కొనలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అలాంటివి పది వేలకు పైగా తయారయ్యాయి.

అంటే హేల్ పెట్టెలో మనిషి ప్రయాణికుడు, లింక్ పెట్టెలో నడిపేవాడు. ఊగడం రెండింటికీ ఉంది. నా లెక్కలో అసలు తేడా ఊపులో లేదు, కర్ర ఎవరి చేతిలో ఉందన్న దాంట్లోనే ఉంది.

1965లో డి. స్టీవార్ట్ బ్రిటన్‌లో ఒక పత్రం సమర్పించాడు. ఆరు కాళ్ల మీద నిలిచే వేదికను ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ, పక్కలకూ, ఏ వాలుకైనా కదపొచ్చని చూపించాడు. టైర్లను పరీక్షించడానికి ఎరిక్ గాఫ్ అంతకు ముందే ఇలాంటిది చేసి ఉన్నాడు. విమాన సంస్థల సిమ్యులేటర్లు, అంటే నేల మీదే విమానం నడపడం నేర్పే యంత్రాలు, ఈ కాళ్ల మీదే లేచాయి. కిటుకు చెవిలో ఉంది. కుర్చీని నెమ్మదిగా వెనక్కి వంచి, తెర మీద మాత్రం చదునైన దారిలో ముందుకు దూసుకుపోతున్నట్టు చూపిస్తే, లోపలి చెవి భూమి లాగే బలాన్నే వేగం పెరగడం అనుకుంటుంది. తర్వాత మనకు తెలియనంత మెల్లగా కుర్చీ మొదటి స్థితికి వస్తుంది. వాంతి వస్తుందంటే కంటికీ చెవికీ పొత్తు కుదరలేదన్నమాట.

1987 జనవరిలో కాలిఫోర్నియా డిస్నీలాండ్ 'స్టార్ టూర్స్' అనే రైడ్ తెరిచింది. విమాన శిక్షణ యంత్రాన్నే తీసుకొని, ఒక్కో క్యాబిన్‌లో 40 మందిని కూర్చోబెట్టి, నడిపే పని ఒక రోబోకు అప్పగించింది. లింక్ కొడుకు హేల్ ఇంటికి దత్తు పోయినట్టయింది. జపాన్‌లో సెగా కంపెనీ దీనికి ఎదురు దారి పట్టింది. 1985లో ఆటగాడే పక్కకు వంచే బైక్, 1987లో కర్ర తిప్పితే వంగే విమానం సీటు, ఆ తర్వాత మనిషిని తలకిందులు చేసే ఆర్360 అనే యంత్రం. 1993 నాటి ఏఎస్-1లో ఎనిమిది మంది ఊగుతూనే తెర మీది శత్రువులను కాల్చేవారు. దాన్ని రైడ్ అనాలో గేమ్ అనాలో అప్పుడే తేల్చడం కష్టం.

ఆ కాలంలో వరంగల్ కుర్రాళ్లకు వీడియో గేమ్ అంటే సందులో షట్టర్ వెనక డబ్బా, రూపాయి కాయిన్, 'ముస్తఫా' గేమ్. సీటు ఊగేది కాదు, స్టూలు విరగకుండా ఉంటే చాలు. ఆ పార్లర్ల మీద జూదం అనుమానం కూడా ఉండేది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని, ఉత్త అదృష్టం ఆట కాదని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. వీడియో గేమ్ పార్లర్లకు లైసెన్సు అడగవచ్చని 1995లో కర్ణాటక కేసులో చెప్పింది. ఈ చట్టాలు ముఖ్యంగా అడిగేవి ఇవి: డబ్బు పందెం ఉందా, గెలుపోటములు నైపుణ్యం వల్లా, అదృష్టం వల్లా? 12డి డబ్బాలో గెలిచేవాడూ లేడు, ఓడేవాడూ లేడు. అందుకే అది పోలీసు కంట పడలేదు.

పన్ను వాళ్ల ప్రశ్న వేరు. 2018 జనవరిలో జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించిన జాబితాలో థీమ్ పార్కులు, జాయ్ రైడ్లు, రంగులరాట్నాలు, గో-కార్టింగ్ ఉన్నాయి. వీడియో గేమ్ పేరు అందులో లేదు. అప్పట్లో అంత తేడా వస్తే నిర్వాహకుడు బోర్డు మీద ఏ పేరు రాసుకునేవాడో చెప్పనక్కర్లేదు.

సూటిగా తేల్చింది కస్టమ్స్ వాళ్లే. ప్రపంచ కస్టమ్స్ సంస్థ సరుకుల జాబితాలో వీడియో గేమ్ యంత్రాలు 9504 కింద ఉంటాయి. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన సవరణతో మోషన్ సిమ్యులేటర్లకు, కదిలే థియేటర్లకు 9508.24 అని సొంత పద్దు దొరికింది. రోలర్ కోస్టర్, ఢీకొట్టే కార్లు దాని ఇరుగుపొరుగు. ప్రపంచ వర్తకం లెక్కలో అది రైడే.

భద్రత వైపు నుంచి చూసినా నాకు ఇదే సబబనిపిస్తుంది. కుర్చీ బోల్టు, బెల్టు, కరెంటు తీగ చూసుకోవాల్సిన బాధ్యత గేమ్ అనగానే తేలికైపోతుంది. జెయింట్ వీల్‌ను చూసినట్టు ఈ డబ్బాను తనిఖీ చేసేవారు తక్కువ. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కొద్దని రాసిన కాగితం కూడా చాలా చోట్ల ఇంగ్లిష్‌లోనే అంటించి ఉంటుంది.

ఐతే చైనా నుంచి వస్తున్న వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కుర్చీలు ఈ లెక్కను మళ్లీ కలగాపులగం చేస్తున్నాయి. కళ్లకు డబ్బా కట్టి, రోలర్ కోస్టర్ ఫైలు పెడితే మనిషి ఉత్త ప్రయాణికుడు. అదే కుర్చీలో, చేతికి తుపాకీ ఇచ్చి జాంబీల ఫైలు పెడితే స్కోరు పడుతుంది, పక్కవాడితో పోటీ ఉంటుంది. కస్టమ్స్ చూసేది రేవులో దిగిన యంత్రాన్ని. మాల్‌లో సాయంత్రం ఆరింటికి ఏ ఫైలు నడుస్తుందో ఆ కాగితంలో ఉండదు.