గ్రీన్ వచ్చింది కదా అక్కా, డిప్లాయ్ చేసేయనా?

వర్క్‌ఫ్లో (వరసగా ఆటోమేటిక్‌గా నడిచే స్టెప్పులు) రన్ అయి గ్రీన్ టిక్ రాగానే, దాన్ని అసలు సిస్టమ్‌లో పెట్టేయనా అని మా టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్న అడుగుతారు. పోయిన వారం కూడా ఒకబ్బాయి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి ఇదే అడిగాడు. లాగ్ (ఏ స్టెప్‌లో ఏం జరిగిందో రాసి ఉండే రికార్డు) చూశావా అన్నాను. "గ్రీన్ ఉంటే లాగ్ ఎందుకక్కా?" అన్నాడు. అందుకే ఈ పోస్ట్.

అపోహ: వర్క్‌ఫ్లో గ్రీన్ అయిందంటే పని జరిగినట్టే.

వాస్తవం: ఏ స్టెప్పూ ఎర్రర్ కోడ్‌తో ఆగలేదని మాత్రమే ఆ గ్రీన్ చెబుతుంది. మీకు కావలసింది జరిగిందో లేదో దానికి తెలియదు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. రోజూ రాత్రి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి బ్యాకప్ తీసే వర్క్‌ఫ్లో ఒకటి గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్‌లో ఇలాంటి పనులు నడిపే సర్వీస్) నేనే రాశాను. పీజీ డంప్ (డేటాబేస్ కాపీ తీసే టూల్) నడిపి, దాని అవుట్‌పుట్‌ని పైప్‌తో నేరుగా జీజిప్‌కి (ఫైల్ సైజు తగ్గించే టూల్) ఇచ్చి, వచ్చిన ఫైల్‌ని స్టోరేజ్‌కి పంపడం, అంతే. నెలల తరబడి బాగానే నడిచింది. తర్వాత డేటాబేస్ సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చారు. రన్నర్‌లో (వర్క్‌ఫ్లో నడిచే మెషీన్) ఉన్న పీజీ డంప్ పాతది. తనకన్నా కొత్త సర్వర్ ఎదురైతే అది వెర్షన్ కలవలేదని చెప్పి ఆగిపోతుంది. ఆగిపోయింది కూడా. కానీ పైప్‌లో చివర ఉన్నది జీజిప్. లోపలికి ఏమీ రాకపోయినా అది తన పని తాను చేసుకుని, అంతా సవ్యమే అని సున్నా (ఎర్రర్ లేదనే కోడ్) ఇచ్చింది. పైప్‌లో చివరిదాని కోడే చూస్తారు కాబట్టి గ్రీన్ వచ్చింది. అలా 23 రాత్రులు. టెస్టింగ్‌కి పాత డేటా కావాలని ఎవరో అడిగితే ఫోల్డర్ తెరిచాను. వరసగా ఫైళ్లు, ప్రతిదాని పక్కనా 20 బైట్లు. ఖాళీ ఇన్‌పుట్‌ని జీజిప్ చేస్తే వచ్చే సైజు అదే. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ 23 రోజుల్లో డేటాబేస్‌కి ఏమీ కాలేదు కాబట్టి బతికిపోయాం.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ (గిట్‌హబ్ లాంటి కోడ్ హోస్టింగ్ కంపెనీ) పరిస్థితి అంతకన్నా ఘోరం. ఒక ఇంజనీర్ పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ డైరెక్టరీ తుడిచేశాక బ్యాకప్ కోసం వెతికితే పనికొచ్చేది దొరకలేదు. పోస్ట్‌గ్రెస్ 9.6 డేటాబేస్ మీద పాత 9.2 పీజీ డంప్ నడుస్తోంది, అందుకే బ్యాకప్ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిల్స్ కూడా డీమార్క్ (మెయిల్ పంపింది అసలు వాళ్లేనా అని చూసే చెక్) సమస్యతో రిజెక్ట్ అయిపోయాయి. అంతకు సుమారు 6 గంటల ముందు వేరే పనికి తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా కాపీ) ఒకటి ఉండబట్టి కోలుకున్నారు. ఈ కథంతా నేను ముందే చదివాను. చదివి కూడా అదే తప్పు చేశాను.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో, లినక్స్ రన్నర్ మీద, షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ఏదో చెప్పకుండా వదిలేస్తే పైప్‌ఫెయిల్ ఆన్ అవదు. పైప్‌లో ఏ ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అనే సెట్టింగ్ అది. "షెల్: బాష్" (shell: bash) అని విడిగా రాస్తేనే అవుతుంది. అది రాసి ఊరుకోకండి. డిప్లాయ్‌కి ముందు కావాలనే తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి రన్ చేయండి. రెడ్ రావాలి. రాకపోతే మీ వర్క్‌ఫ్లో ఇలాంటి తప్పుల్ని మీకు చెప్పదు. తర్వాత ఫైల్ సైజు చూసే స్టెప్ ఒకటి పెట్టండి. ఆ బ్యాకప్‌ని ఖాళీ డేటాబేస్‌లోకి రిస్టోర్ చేసి, ఒక టేబుల్‌లో రికార్డులు లెక్కపెట్టండి.

అపోహ: వాలిడేటర్ (విడుదలకి ముందు ఫైల్‌ని చెక్ చేసే ప్రోగ్రామ్) పాస్ చేసింది, ఇక చాలు.

2024 జూలై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ వదిలిన అప్‌డేట్‌ని కూడా వాలిడేటర్ పాస్ చేసింది. అప్‌డేట్ 21వ ఇన్‌పుట్ కోసం చూసింది, సెన్సర్ (మెషీన్లలో ఉండే వాళ్ల సాఫ్ట్‌వేర్) ఇచ్చినవి 20. దాన్ని పట్టుకోవాల్సిన వాలిడేటర్‌లోనే లోపం. దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు.

అపోహ: చిన్న మార్పే కదా.

పైథాన్ వెర్షన్ 3.10 అని కోట్స్ లేకుండా రాసి చూడండి, యామల్ (వర్క్‌ఫ్లో ఫైల్ రాసే ఫార్మాట్) దాన్ని 3.1 అని చదువుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్ క్రాన్‌లో (ఎప్పుడు నడవాలో చెప్పే లైను) టైమ్‌జోన్ చూసుకోకుండా రాత్రి 2 అని పెడితే అది యూటీసీ, మనకి ఉదయం 7:30.

అపోహ: ఏఐ రాసింది, చెక్ అక్కర్లేదు.

నేను రాసిన ఆ పైప్ లైను లాంటిదే అదీ రాసిస్తుంది. "ఇక టెస్టింగ్ ఉద్యోగాలే ఉండవట" అనే ఫార్వర్డ్‌లు దయచేసి నాకు పంపకండి.

డిప్లాయ్ నొక్కేటప్పుడు చేయి వణుకుతోందని, ఈ ఫీల్డ్ తమకి సరిపడదేమోనని కొందరు మెసేజ్ పెడుతుంటారు. ఆ టెన్షన్ తప్పేమీ కాదమ్మా, నాకు ఇప్పటికీ ఉంది. దేనికి భయమేస్తోందో కాగితం మీద రాసుకోండి. ఏ స్టెప్ పోతే ఎవరికి నష్టమో రాయండి. ఒక్కోదాన్నీ టెస్ట్ రిపోలో (ప్రయోగాలకి పెట్టుకున్న కోడ్ ఫోల్డర్) మీ చేత్తో ఫెయిల్ చేసి చూడండి.

పోయిన వారం ఆ అబ్బాయి చేత అదే చేయించాను. పాస్‌వర్డ్ మార్చి రన్ చేస్తే మొదటిసారి గ్రీనే వచ్చింది. కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాడు. షెల్ లైను కలిపి మళ్లీ నడిపితే రెడ్ వచ్చింది. అప్పుడు పాస్‌వర్డ్ సరిచేసి, ఇక డిప్లాయ్ చేయమన్నాను.