జాతి, లింగం, లైంగికత: చరిత్రకారులకు తరచూ ఎదురయ్యే అపోహలు

నేను పరిశోధించేది అమెరికాలోని వర్జీనియా చరిత్ర. జాతి, లింగం, లైంగికత నా విషయాలు అనగానే మనవాళ్లు అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: ఇప్పటి గొడవల్ని పాతకాలానికి అంటగడతారు.

వాస్తవం: 1629లో, వర్జీనియా ఇంకా ఇంగ్లండు వలసగా ఉన్నప్పుడు, అక్కడి కోర్టు ముందుకు థామస్ హాల్ వ్యవహారం వచ్చింది. ఇంగ్లండులో ఆడపిల్లగా పెరిగి, తర్వాత మగబట్టల్లో సైన్యానికి వెళ్లొచ్చిన మనిషి. ఆడో మగో తేల్చాలని ఊళ్లోవాళ్లు నిద్రపోతున్నప్పుడు కూడా ఒళ్లు పరీక్షించారు. చివరికి కోర్టు రెండూనని తేల్చి, మగబట్టలే వేసుకొని, నెత్తిన ఆడవాళ్ల టోపీ, ముందు ఏప్రన్ కట్టుకోవాలని ఆజ్ఞాపించింది. హాల్‌కి నేను ఇప్పటి పేరేదీ తగిలించను. తెలుగులో రాసేటప్పుడు 'వెళ్లాడు' అనాలా, 'వెళ్లింది' అనాలా అన్నదే తెగదు. 'మనిషి' అంటూ నెట్టుకొస్తున్నాను.

అపోహ: బానిసత్వం ఒంటి రంగు సంగతి. ఆడామగా తేడాతో దానికేం పని?

వాస్తవం: చాలా పని. అక్కడ బానిసగా ఉన్న ఎలిజబెత్ కీ అనే ఆవిడ తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. ఇంగ్లీషు చట్టంలో బిడ్డది తండ్రి స్థితే కదా, పైగా నేను బాప్తిస్మం పొందినదాన్ని అని వాదించి 1656లో స్వేచ్ఛ గెలుచుకుంది. శాసనసభ ఆ రెండు దారులూ మూసేసింది. బిడ్డది తల్లి స్థితేనని 1662లో, బాప్తిస్మంతో బానిసత్వం పోదని 1667లో చట్టాలు చేసింది. ఇక యజమాని తన బానిసను చెరిచినా, పుట్టిన బిడ్డ అతని ఆస్తే. వీలునామాల్లో ఫలానా ఆడమనిషినీ, ఆమెకు ముందుముందు పుట్టబోయే సంతతినీ నా కూతురికి ఇస్తున్నానని రాసేవాళ్లు. ఇంగ్లీషులో ఆ సంతతికి వాడిన మాట 'ఇంక్రీజ్' (పెరుగుదల), ఆవుల మందకు వాడేదే. మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు, పశువుల లెక్కలోకి పొరపాటున వచ్చాననుకున్నాను.

అపోహ: ఎవరు ఎవర్ని పెళ్లాడితే ప్రభుత్వానికేం? అది ఇంటి వ్యవహారం.

వాస్తవం: నల్లవాళ్లనో అమెరికా ఆదివాసులైన ఇండియన్లనో పెళ్లాడిన తెల్లవాళ్లను మూడు నెలల్లో వెళ్లగొట్టాలని 1691లోనే అక్కడ చట్టం వచ్చింది. 1958లో ఓ రాత్రి పోలీసులు నల్లజాతి భార్య మిల్డ్రెడ్, తెల్లజాతి భర్త రిచర్డ్ లవింగ్‌ల పడకగదిలోకి వచ్చారు. గోడకు పెళ్లి సర్టిఫికెట్ వేలాడుతూనే ఉంది. పాతికేళ్లపాటు ఇద్దరూ కలిసి వర్జీనియాలో అడుగుపెట్టకూడదన్న షరతు మీద జైలు తప్పింది. అమెరికా సుప్రీంకోర్టు అలాంటి పెళ్లిళ్ల మీది నిషేధాన్ని కొట్టేసింది 1967లో.