సంత బస్సూ, సూపు గిన్నే

చిరంజీవులు చిట్టికీ, బుజ్జిగాడికీ రాయగడ నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి బుజ్జిగాడు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. అందులో సగం ఏడుపు, సగం ప్రశ్న. "తాతయ్యా, చారు చప్పున చల్లారిపోతుంది కదా, సూప్ మాత్రం ఎంతసేపున్నా లోపల కాలుతూనే ఉంటుందేం? నేను ఊదాను కూడా!" వెనకనుంచి మీ అమ్మ "ముందు చన్నీళ్ళు పుక్కిలించరా" అని కేకలు. నాలుక ఈపాటికి బాగుపడే ఉంటుంది. ప్రశ్న మాత్రం నన్ను రెండు రోజులు వదల్లేదు.

మీ అమ్మకి ఇంకో టెన్షన్ ఉంది. చిట్టి పాలూ నెయ్యీ మానేసింది కదా. "వెన్న వెయ్యకుండా, పాలు పొయ్యకుండా సూప్ చిక్కగా ఎలా వస్తుంది నాన్నా, ఈ చలిలో పిల్లకి నీళ్ళచారు పోసి పంపనా స్కూలుకి" అంటుంది. బుజ్జిగాడి ప్రశ్నకీ మీ అమ్మ దిగులుకీ ఒకే జవాబు ఉంది. అది చెప్పాలంటే మిమ్మల్ని బస్సెక్కించాలి.

శుక్రవారం కుందులి సంతకి పొద్దుటి బస్సులో వెళ్ళారా ఎప్పుడైనా? మీ నాన్న బండి మీద కాదు, బస్సులో. పొద్దున్న అందరి చేతుల్లోనూ మడిచిన ఖాళీ సంచులే ఉంటాయి. సంచి చంకలో పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళు కదులుతుంటారు. కిటికీ దగ్గర చలేసినవాడు మధ్యకి వస్తాడు, మధ్యలో ఉక్కపోసినవాడు కిటికీ దగ్గరికి పోతాడు. సాయంత్రం ఎక్కేదీ వాళ్ళే. ఒక్క మనిషి కూడా పెరగడు. కానీ ఇప్పుడు సంచులు నిండాయి. ఒకరి ఒళ్ళో క్యాబేజీలు, ఇంకొకరి కాళ్ళ దగ్గర కందమూలాలు, తలుపు దగ్గర గోనెసంచి నిండా బీన్స్. ఇక ఎవరూ కదల్లేరు. పొద్దున్న గాలాడిన బస్సు సాయంత్రానికి చిక్కబడిపోయింది.

సూప్‌లో జరిగేది అచ్చం ఇదే. పప్పులోనూ, చోడిపిండిలోనూ (అదే, రాగిపిండి), బంగాళాదుంపలోనూ కంటికి కనబడనంత చిన్న పిండి రేణువులుంటాయి. చన్నీళ్ళలో అవి ఖాళీ సంచుల మనుషులు. నీళ్ళ వేడి 60 డిగ్రీలు దాటిందంటే సంచులు తెరుస్తాయి. నీళ్ళు తాగి ఎన్నో రెట్లు ఉబ్బుతాయి. రేణువుల లెక్క పెరగలేదు, ఒక్కొక్కటి ఆక్రమించే చోటే పెరిగింది. చుట్టూ ఉన్న నీటికి కదలడానికి దారి ఉండదు. చిక్కదనం అంటే ఇంతే. దీనికి వెన్నతో పనేముంది?

ఇప్పుడు బుజ్జిగాడి నాలుక సంగతి. చారు పొద్దుటి బస్సు. గిన్నెలో పైపొర గాలి తగిలి, ఆవిరి పోయి చల్లబడగానే బరువెక్కి కిందికి దిగుతుంది. కిందున్న వేడి చారు తేలికై పైకి వస్తుంది, అదీ చల్లబడుతుంది. అందరూ వంతులవారీగా కిటికీ దగ్గరికి వెళ్ళొస్తారు కాబట్టి బస్సంతా త్వరగా చల్లారుతుంది. సూప్ సాయంత్రం బస్సు. కిటికీ పక్కనున్నవాడు గడగడ వణుకుతుంటే మధ్యలో ఇరుక్కున్నవాడికి చెమటలు. వాడు పైకి రాలేడు, వీడు కిందికి దిగలేడు. నువ్వు ఊదింది కిటికీ పక్కవాడి మీద, నాన్నా. చెంచా ముంచి తీసింది మధ్యవాణ్ణి. కావాలంటే ఇవాళ ఒకేలాంటి రెండు గ్లాసుల్లో ఒకదాంట్లో చారు, ఒకదాంట్లో సూప్ పోసి పక్కపక్కన పెట్టి, పది నిమిషాలకోసారి చెంచాని రెండిట్లోనూ మధ్యదాకా ముంచి తీసి, చెంచా ఎంత వేడెక్కిందో వేలితో తాకి చూడండి. తినేటప్పుడు మాత్రం సూప్‌ని లోతు గిన్నెలో కాకుండా పళ్ళెంలో పోసుకుని కాస్త కలుపు. కలపడమంటే కండక్టరు వచ్చి "జరగండి, లోపలికి జరగండి" అని జనాన్ని తొయ్యడమే.

ఆ బస్సులో నాకిష్టమైన చోటు డ్రైవరు పక్కన ఇంజను మీది మూత. పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టేవారు. చలికాలంలో మొదట హాయిగా ఉండేది. తరవాత పిర్రలు కాలేవి. లేచి పోదామంటే చుట్టూ గంపలు! గిన్నె అడుగంటడం అంటే ఇదే చూడండి. చిక్కబడ్డాక అడుగున ఉన్నది పైకి రాలేక అక్కడే మాడుతుంది. అందుకే పిండి కలిపాక మంట తగ్గించి, గరిట అడుక్కంటా తిప్పుతూ ఉండాలి.

నా చిన్నప్పుడు మేం సెమిలిగుడలో ఉండేవాళ్ళం. మా అమ్మ పొద్దున్న సంతకి వెళ్ళేది కాదు, పొద్దు వాటారాకే వెళ్ళేది. ఆ వేళకి కొండ మీదికి తిరిగి నడవాల్సినవాళ్ళు, మిగిలిన కూరలు మళ్ళీ మోసుకుపోలేక పోగులు పెట్టి తక్కువకే ఇచ్చేసేవారు. పగిలిన క్యాబేజీ, వంకర ముల్లంగి, గుమ్మడిపండులో అమ్ముడుపోని చెక్క, చిట్లిన టమాటాలు. "ఉడికాక వంకరెవడికి కనబడుతుందిరా" అనేది. బేరమాడేది, ఆడకపోదు. కానీ ఒకసారి దిగిన ధర మీద మళ్ళీ దింపమని అడిగేది కాదు. తెల్లవారకముందే మంచులో కావిడి భుజానేసుకుని దిగొచ్చిన మనిషి దగ్గర చివరి పావలా కోసం పేచీ పెట్టడం ఆవిడకి నచ్చేది కాదు. మీరూ అది గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో బుక్ చేసి ఇంటికి తెప్పించుకున్నప్పుడు ఒక్క రూపాయి బేరమాడం కానీ సంతలో ముసలమ్మ దగ్గర మాత్రం మన తెలివంతా చూపిస్తాం.

మా ఇంట్లో అప్పుడు పాడి లేదు. కొండ ఊళ్ళల్లో చాలామంది ఆవుపాలు పితికేవారే కాదు, అవి దూడవి అనేవారు. వాళ్ళు పొద్దున్నే తాగేది మాండియా పేజ్, మనం చోడి అంబలి అంటామే, అది. దాంతోనే కొండలెక్కి దిగేవారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందని పేపర్లో చదివి మా అమ్మ ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాను. వంద గ్రాముల చోడిపిండిలో 300 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది. అంతే బరువు ఆవుపాలలో ఉన్నదానికి రెట్టింపు పైమాటే. అలాగని సూప్‌లో వేసే రెండు చెంచాలతో చిట్టి ఎముకలన్నీ ఉక్కయిపోవు. అంబలీ, చోడి రొట్టే కూడా తినాలి. మీ అమ్మతో ఈ మాట నేనన్నానని చెప్పు.

సరే, వంట. నలుగురికి ఒక టీ గ్లాసుడు మైసూరుపప్పు చాలు. ఎర్రగా, బద్దలుగా ఉండే ఆ పప్పు నానబెట్టక్కర్లేదు, తొందరగా మెత్తబడి సూప్‌లో కలిసిపోతుంది. కడిగి, ఆరు గ్లాసుల నీళ్ళు పోసి, పసుపు, చితక్కొట్టిన అల్లం, నాలుగు వెల్లుల్లి రేకలు వేసి పొయ్యి మీద పెట్టండి. పప్పు విచ్చుకుంటుండగా గట్టి కూరలు వెయ్యాలి. ముల్లంగి, క్యారెట్, బంగాళాదుంప, గుమ్మడి ఏవుంటే అవి, బొటనవేలి గోరంత ముక్కలు. అవి సగం ఉడికాక బీన్స్, క్యాబేజీ. టమాటా అన్నిటికంటే చివర. పులుపు ముందే తగిలితే ముక్కలూ పప్పూ ఓ పట్టాన మెత్తబడవు. కూరముక్కలో కణాల్ని అతికి పట్టుకునే పెక్టిన్ అనే పదార్థం పులుపులో కరగడానికి మొరాయిస్తుంది. దీన్ని బస్సులో ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తోచలేదు. టమాటాని నడిపించే తీసుకెళ్ళండి.

ఇంకో సంగతి. మీ సునాబెడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున గాలి బరువు తక్కువ, అందుకని నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మా రాయగడ పల్లంలో ఉంది కాబట్టి ఇక్కడ 99 దాటుతుంది. ఆ రెండు డిగ్రీల తేడాకే మీ పప్పు మా పప్పు కంటే ఆలస్యంగా ఉడుకుతుంది. మీ అమ్మ ఇక్కడికొచ్చినప్పుడల్లా "మీ ఊరి పప్పు మంచిది నాన్నా" అంటుంది. పప్పు ఒకటే, గాలే వేరు. మంట పెద్దది చేస్తే త్వరగా ఉడుకుతుందనుకోకండి. మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా నీళ్ళ వేడి పెరగదు, గ్యాసు మాత్రం తరుగుతుంది. సన్నటి మంట, పైన మూత. తొందరైతే కుక్కరు. ఆవిరిని బయటికి పోనివ్వక నీళ్ళని 100 దాటించి మరిగిస్తుంది కనక పని త్వరగా అవుతుంది.

ఇప్పుడు చోడిపిండి. రెండు చెంచాల పిండిని తప్పకుండా చన్నీళ్ళలోనే జారుగా కలపాలి. మరిగేదాంట్లో పొడిపిండి చల్లారా, ఉండలే. అందరూ ఒక్కసారి తలుపు మీద పడితే ముందువాళ్ళు గంపలతో గుమ్మంలోనే ఇరుక్కుని, వెనకవాళ్ళు రోడ్డు మీదే ఉండిపోతారు చూడండి, అలాగే పైపిండి చటుక్కున ఉబ్బి అతుక్కుంటుంది, లోపలిది పొడిగానే ఉంటుంది. చన్నీళ్ళలో కలిపితే ఒక్కొక్కరూ వరసలో ఎక్కుతారు. సన్నధారగా పోసి, పచ్చివాసన పోయేదాకా ఓ ఐదారు నిమిషాలు తిప్పుతూ ఉడికించి, అప్పుడు ఉప్పు.

పోపు మాత్రం మా పక్కింటి మావుసిది, ఒడియాలో మావుసి అంటే పిన్ని. ఆవిడ డాల్మాలో, అంటే ఒడియావాళ్ళ కూరగాయల పప్పులో, పంచఫుటణ వేసేది. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోపు, నల్లజీలకర్ర ఐదూ కలిపి. వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేది. మా అమ్మ మొదట మూతి ముడిచింది, "పప్పులో సోపేమిటే" అని. ఒక చలికాలం గడిచేసరికి మా ఇంటి డబ్బాలోనూ అదే. చెంచాడు నూనెలో ఒక ఎండుమిర్చి తుంపి, ఈ ఐదూ చిటపటమనగానే గిన్నెలో వేసి మూత పెట్టెయ్యండి. మెంతులు నల్లబడితే చేదు, ఎర్రబడగానే దింపాలి. తినేముందు దంచిన మిరియాలు, నాలుగు చుక్కలు నిమ్మరసం. పెరుగూ వద్దు, వెన్నా వద్దు.

రాత్రి మిగిలింది తెల్లారేసరికి గడ్డకట్టినట్టుంటే పారెయ్యకండి. చల్లారేకొద్దీ పిండి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటుంది. రాత్రి బస్సులో ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోయారనుకోండి. అరగ్లాసు వేణ్ణీళ్ళు పోసి వేడిచేస్తే లేస్తారు.

ఇవన్నీ చదివి ఊరుకోకండి. ఈసారి అమ్మ వండుతున్నప్పుడు పిండి పొయ్యకముందు ఓసారి, పోశాక ఓసారి గిన్నెలోకి చూడండి. ముందైతే క్యారెట్ ముక్కలు ఒక పక్కన పైకి లేచి, రెండో పక్కన దిగి, గిరగిరా తిరుగుతుంటాయి. పిండి చిక్కబడ్డాక ఆ తిరుగుడు ఆగిపోతుంది. అంతా నిశ్చలంగా ఉండి, ఉన్నట్టుండి ఎక్కడో ఒకచోట "బుడుక్" అని ఓ పెద్ద బుడగ లేచి పగులుతుంది. తరవాతిది ఎక్కడ లేస్తుందో ముందే వేలు పెట్టి చూపించగలరేమో ఇద్దరూ పందెం వేసుకోండి. నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కసారీ గెలవలేదు. ఎందుకలా అంటే నా దగ్గర జవాబు లేదు, బస్సూ లేదు. చూసేటప్పుడు మాత్రం స్టౌకి బారెడు దూరంలో నిలబడండి, ఆ బుడగ పగిలినప్పుడు చిందేది మామూలు వేడి కాదు.

మీ తాతయ్య