వరంగల్‌కు, వరంగల్కు: నడుమ కనపడని అక్షరం

హన్మకొండలో ఒక చిన్న డీటీపీ షాపులో పనిచేసిన రోజుల్లో నా చేతుల మీదుగా ఒక పెండ్లి పత్రిక తప్పుగా అచ్చయింది. పెండ్లికొడుకు పేరు రాజ్‌కుమార్. పత్రికలో జ కింద క వత్తు పడి 'రాజ్కుమార్' అయింది. "మా పోరని పేరు గిట్ల రాస్తరా?" అని వాళ్ల నాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను కొట్టిన అక్షరాలన్నీ సరైనవే. పొల్లుకూ క కూ మధ్య ఉండి, అవి వత్తుగా కలవకుండా ఆపే కనపడని అక్షరం ఒక్కటే లేదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో నంబరు 200సి. దానికి నా కీబోర్డు మీద మీటే లేదు.

టైపురైటర్‌కు ఈ చిక్కు లేదు. వత్తు కావాలంటే వత్తు మీట కొట్టాలి, లేకపోతే లేదు. డీటీపీలో వాడే అను ఫాంట్లూ ఇంతే: పొల్లు అక్షరం ఒక బొమ్మ, వత్తు ఇంకో బొమ్మ. ఏది పెట్టాలో టైపిస్టు ఇష్టం.

భారతీయ లిపులను కంప్యూటర్‌లో రాసేందుకు వచ్చిన 1988 నాటి ఇస్కీ ప్రమాణంతో పద్ధతి మారింది. అక్షరం రూపం చూడకుండా, హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే వత్తుగా కలపడం కంప్యూటర్ పని అయింది. వద్దనుకుంటే పొల్లును రెండుసార్లు కొట్టాలి. నన్నడిగితే ఇది మంచి ఏర్పాటు, కొత్త మీట అక్కర్లేదు. యూనికోడ్ తెలుగు అక్షరాల వరుసను ఆ ఇస్కీ నుంచే తీసుకుంది కానీ జంట పొల్లును తీసుకోలేదు. ఆ పనిని 200సి కి అప్పగించింది. ఇంగ్లిష్ అక్షరాలు అచ్చేసిన కీబోర్డు మీద దానికి చోటెక్కడిది?

షాపులో లైసెన్సుల ఖర్చు భరించలేక ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం లినక్స్‌కు మారాక మొదట, వెంట కొట్టిన మీటలను కలిపి ఒక గుర్తుగా మార్చే కంపోజ్ మీటను నమ్ముకున్నాను. 1983లో డెక్ కంపెనీ వీటీ220 టెర్మినల్ కీబోర్డు మీద వచ్చిన మీట అది. ఇప్పటి కీబోర్డుల మీద లేదు కాబట్టి కుడి ఆల్ట్‌కో క్యాప్స్ లాక్‌కో ఆ పని అప్పజెప్పుకోవాలి. ఉదాహరణకు కంపోజ్, పెద్ద ఆర్, ఈక్వల్ కొడితే 2010లో వచ్చిన రూపాయి గుర్తు ₹ పడుతుంది. అయితే తెలుగు లేఅవుట్‌లో ఉన్నప్పుడు ఆర్ మీట ఆర్ కాదు, అందుకే ఆ వరుస పనిచేయదు. ప్రతి పొల్లుకూ మూడు మీటలంటే టెన్షన్ కూడా.

దారి ఇరాన్‌లో పర్షియన్ భాష రాసేవాళ్లు ముందే వేసి పెట్టారు. వాళ్లకు మాటమాటకూ ఈ అక్షరం కావాలి. అందుకే ఇరాన్ కీబోర్డు ప్రమాణంలో షిఫ్ట్, స్పేస్ కలిపి కొడితే అదే పడుతుంది. లినక్స్‌లో కీబోర్డును నడిపే ఎక్స్‌కేబీలో ఆ సౌకర్యాన్ని ఏ లేఅవుట్‌కైనా తగిలించుకోవచ్చు. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగులు మార్చే ట్వీక్స్‌లో కీబోర్డు అదనపు ఆప్షన్లు తెరిచి, నాన్ బ్రేకింగ్ స్పేస్ కింద 'రెండో స్థాయిలో (అంటే షిఫ్ట్‌తో) జీరో విడ్త్ నాన్ జాయినర్' ఎంచుకుంటే చాలు. లేఅవుట్ మార్చే పాత సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌ను నమ్ముకుంటే గ్నోమ్ కొత్త తెర వ్యవస్థ వేలాండ్‌లో పని జరగదు. నేను ఒక పూట పోగొట్టుకున్నది అక్కడే.

ఇప్పుడు వరంగల్‌కు సరిగ్గా పడుతోంది. కానీ పాత ఫైళ్లలో వెతికేటప్పుడు 'వరంగల్‌కు' అని ఒకసారి, 'వరంగల్కు' అని ఇంకోసారి కొడుతున్నాను.