ట్యాంకుకు ముప్పై గజాల దూరంలో

మొన్న మా మేనల్లుడు ఫోన్లో యుద్ధం గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఎదురుగా ట్యాంకు, దాని నెత్తిన ఒక పచ్చగీత. వాడు రాకెట్ లాంచర్ భుజాన పెట్టి ఒక దెబ్బ కొట్టాడు. గీత మూడో వంతు తరిగింది. మూడో దెబ్బకి ట్యాంకు భగ్గుమంది. "చూశావా మామయ్యా!" అన్నాడు.

నిజం ట్యాంకుకు ప్రాణం అలా గీతలా కొంచెం కొంచెంగా తరగదు. కవచానికి చిల్లు పడిందా లేదా అన్నదే లెక్క. పడితే ఆ చిల్లు చాలాసార్లు వేలు పట్టేంతే ఉంటుంది. బయటినుంచి చూస్తే పెద్దగా ఏమీ జరిగినట్టుండదు. జరిగేదంతా లోపలే. సినిమాలకైనా గేములకైనా అది కంటికి ఆనదు కాబట్టి పెట్రోలు మంట పెట్టి చూపిస్తారు. దాంతో అసలు విజ్ఞానం మరుగున పడిపోతుంది. నా బాధంతా అదే.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, బ్రిటిష్ ట్యాంకులు మొదటిసారి రంగంలోకి దిగాయి. 1918కల్లా జర్మన్లు 13 మిల్లీమీటర్ల తూటా పేల్చే భారీ మౌజర్ రైఫిల్ తెచ్చారు. బరువు 17 కిలోల పైమాటే. కానీ తూటా బలమంతా దాని వేగంలో ఉంటుంది, ఆ వేగం పెరిగేకొద్దీ తుపాకీ వెనక్కి తన్నే తాపూ పెరుగుతుంది. మనిషి భుజం ఎంతని ఓర్చుకుంటుంది? కవచాలు మాత్రం ఏటికేడు మందమవుతూ పోయాయి.

దారి చూపించే సంగతి అప్పటికే బయటపడి ఉంది. 1888లో చార్లెస్ మన్రో అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థం దిమ్మల్ని ఉక్కు పలక మీద పెట్టి పేల్చి చూస్తున్నాడు. దిమ్మ మీద గుంటగా చెక్కిన అక్షరాలు, పేలాక, ఉక్కు మీద కూడా గుంటలుగానే దిగాయి! బోలుగా ఉన్నచోటే దెబ్బ లోతుగా పడుతోందన్నమాట. ఆ బోలుకు గరాటు ఆకారం ఇచ్చి, లోపలివైపు పల్చటి లోహపు రేకు తొడిగితే దెబ్బ ఇంకెన్నో రెట్లు లోతుకి దిగుతుందని 1930లలో తేలింది.

తడిసిన సబ్బుబిళ్లను గుప్పిట్లో గట్టిగా నొక్కితే చటుక్కున జారిపోతుంది కదా. ఇక్కడా అలాంటిదే. వెనక ఉన్న మందు పేలగానే రేకు గరాటు అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా నలిగి, నడిమికి చేరి, ముందుకు సన్నటి ధారగా చిమ్ముతుంది. రాగి రేకైతే ఆ ధార మొన వేగం సెకనుకు 8 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. రైఫిల్ తూటా సెకనుకు ఒక కిలోమీటరు కూడా పోదు. "కరిగిన రాగి కవచాన్ని కరిగిస్తుంది" అని చాలాచోట్ల రాస్తారు, అది తప్పు. ఇక్కడ పనిచేసేది వేడి కాదు, ఒత్తిడి. బోరు పైపు నీళ్లు మట్టిగట్టును తొలిచినట్టు ఆ ధార ఉక్కును పక్కకి తోసేస్తూ పోతుంది. అంత ఒత్తిడిలో ఉక్కు కూడా బురదలాగే జరుగుతుంది.

ఇంకో చిన్న విషయం, నాకు చాలా ఇష్టమైనది. అలాంటి రాకెట్ల ముక్కు పొడుగ్గా ఉంటుంది, లోపల మాత్రం ఖాళీ. ధార సాగి నిటారుగా తయారవడానికి కాస్త జాగా కావాలి. ఆ జాగా కోసమే ఆ ముక్కు.

ఇక వేగంతో పని లేదు, గుండును అక్కడిదాకా చేరిస్తే చాలు. 1942లో అమెరికన్ల బజూకా వచ్చింది, భుజాన పెట్టుకుని రాకెట్ పేల్చే గొట్టం. బాబ్ బర్న్స్ అనే హాస్యనటుడు గొట్టాలతో చేసుకున్న ఒక వాయిద్యం పేరే దానికి అంటుకుంది. జర్మన్ల గొట్టం పేరు పాంజర్‌ఫౌస్ట్ 30, అందులోని 30 అంటే మీటర్లు. అంత దగ్గరికి పోతేనే అది పనికొస్తుంది.

సినిమాల్లో మాయమైపోయేది ఈ దూరమే. ఇంకోటి, వెనక మంట. ఇలాంటి గొట్టాలు భుజాన్ని తన్నకపోవడానికి కారణం ఆ తాపు వెనకనుంచి మంటగా పోవడమే. తెర మీద హీరో ఇరుకు గదిలో నిలబడి పేలుస్తాడు, వెనక స్నేహితుడు నిలబడి ఉంటాడు. నిజంగా అయితే ఇద్దరికీ ప్రాణాల మీదికొస్తుంది. ఎవరో అరిస్తే విని పక్కకి దూకి తప్పించుకోవడం కూడా అంతే. ఆర్పీజీ-7 అనే రాకెట్ గొట్టం పేల్చే గుండుకు 100 మీటర్లు పోవడానికి ఒక్క సెకను కూడా పట్టదు.

ఇప్పుడు దూరం పెరిగింది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్ తయారు చేసిన మిలన్ క్షిపణి దాదాపు 2 కిలోమీటర్ల నుంచి ట్యాంకును కొడుతుంది. దాని తలలోనూ ఉన్నది ఆ గరాటే. కానీ 1944లో మణిపూర్‌లో పోరాడిన సిపాయిల చేతిలో ఉన్నది పియాట్. బ్రిటిష్‌వాళ్లు చేసిన ఆయుధం, బరువు 14 కిలోల పైచిలుకు. లోపల ఒక పెద్ద స్ప్రింగు ఉంటుంది, అది ఒక కడ్డీని ముందుకు విసిరి గుండు తోకలోని మందును పేలుస్తుంది, గుండును తోసేది ఆ మందే. ఆ స్ప్రింగును ఎక్కించాలంటే అడుగుభాగాన్ని రెండు కాళ్లతో తొక్కిపట్టి, నడుం బలమంతా పెట్టి పైకి లాగాలి. సుమారు 90 కిలోల బరువు ఎత్తడంతో సమానం. వెనక మంట ఉండదు, అదొక్కటే సుఖం.

జూన్ 12న నింగ్‌తౌఖోంగ్ ఊరి దగ్గర జపాన్ ట్యాంకులు దూసుకొచ్చాయి. 7వ గూర్ఖా రైఫిల్స్‌లో గంజూ లామా అనే సిక్కిం కుర్రాడున్నాడు. వయసు అటూ ఇటుగా ఇరవై. పియాట్ పట్టుకుని, తూటాల మధ్య పాక్కుంటూ ముందుకు పోయాడు. ఎడమ మణికట్టు విరిగింది. కుడి చేతికీ కాలికీ గాయాలు. ట్యాంకులకు 30 గజాల దూరంలో ఆగి గురిపెట్టాడు. మొదట ఒకటి, తర్వాత ఇంకొకటి, రెండు ట్యాంకులు ఆగిపోయాయి. మూడోదాన్ని వెనక ఉన్న ఫిరంగి కొట్టింది. ట్యాంకుల్లోంచి దిగి పారిపోబోతున్న వాళ్ల మీదికి అతను మళ్లీ ముందుకు కదిలాడు. వాళ్లలో ఒక్కరూ మిగల్లేదని తేలాకే, గాయాలకు కట్టు కట్టించుకోవడానికి వెనక్కి రావడానికి ఒప్పుకున్నాడు.