ఇనుప పొడి: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

లోహపు పొడిని అచ్చుల్లో నొక్కి, వేడిచేసి వస్తువులు తయారుచేసే పౌడర్ మెటలర్జీ కర్మాగారాల్లో భద్రతా శిక్షణ ఇచ్చేవారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కొలిమిని, పెనాన్ని ఇనుముతోనే చేస్తాం గదా, ఆ ఇనుము అంటుకోవడమేమిటని కొత్తగా చేరినవారు అడుగుతారు. అనుభవజ్ఞులు అడగరు గాని, వారి పనితీరు చూస్తే వారిలోనూ అదే నమ్మకం ఉన్నట్టు కనిపిస్తుంది.

అపోహ: ఇనుము మండదు.

దీపావళి నాడు చిచ్చుబుడ్డిలో పువ్వులు పూయించేది బీడు రజనేనని మనకు తెలిసిందే. కాకరపువ్వొత్తి నుంచి రాలే మెరుపులు కూడా సాధారణంగా గాలిలో కాలుతున్న ఇనుప రేణువులే. దిమ్మెలోని ఇనుముకూ రజనులోని ఇనుముకూ రసాయనికంగా భేదం లేదు. భేదమంతా గాలికి తగిలే ఉపరితలంలో ఉంది. ఒక సెంటీమీటరు ఘనాన్ని 10 మైక్రాన్ల ఘనాలుగా విడగొడితే ఉపరితలం 1000 రెట్లు పెరుగుతుంది. దిమ్మె మీద ఒకచోట పుట్టిన వేడి లోపలికి పాకి చల్లారిపోతుంది, కాని రేణువులో ఆ వేడి పోవడానికి చోటుండదు. కార్బొనిల్ ఇనుము వంటి అతి సన్నని రకాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

అపోహ: పరీక్షలో మా పొడికి ‘బలహీన విస్ఫోటనం’ అని వచ్చింది కాబట్టి భయం లేదు.

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే, ఎందుకంటే దీని చేతిలో ఒక నివేదిక కూడా ఉంటుంది. ఆ పరీక్ష కొలిచేది మూసిన పాత్రలో పొడి మేఘం మండినప్పుడు పీడనం ఎంత వేగంగా పెరుగుతుందన్నది. ఇనుము విషయంలో ఆ వేగం తక్కువేనన్నది నిజం. అయితే మనిషిని చంపడానికి గోడలు కూలనక్కరలేదు. గాలిలోకి లేచిన పొడి ఒక్కసారిగా మండి, ఆ జ్వాల ఒంటి మీదుగా సాగిపోతే చాలు.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, గాలటిన్ పట్టణంలో ఉన్న హోగనాస్ ఇనుప పొడి కర్మాగారంలో 2011లో నాలుగు నెలల వ్యవధిలో మూడు ప్రమాదాలు జరిగి అయిదుగురు మరణించారు. జనవరి 31న, పొడిని పైకి చేరవేసే బకెట్ ఎలివేటర్ మోటారును తిరిగి నడిపినప్పుడు లేచిన పొడి అంటుకుని ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. మార్చి 29న ఫర్నేస్ మరమ్మతులో సుత్తి దెబ్బలకు చుట్టుపక్కల పేరుకున్న పొడి లేచి మండగా ఒకరు గాయపడ్డారు. మే 27న కందకంలోని పైపు నుంచి ఏదో వాయువు లీకవుతుంటే, అది మండని నైట్రోజన్ అయి ఉంటుందనుకుని మూతలు ఎత్తారు. తీరా అది హైడ్రోజన్. ఆ పేలుడు ధాటికి పైదూలాల మీద పేరుకున్న ఇనుప ధూళి మండుతూ కిందికి కురిసింది, ముగ్గురు చనిపోయారు. దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు పరీక్షల్లోనూ ఆ ధూళి విస్ఫోటన తీవ్రత తక్కువ తరగతిలోనే ఉంది. అంతకుముందు చిన్న చిన్న మంటలు ఎన్నోసార్లు వచ్చి పోవడంతో, కార్మికులు వాటిని పనిలో మామూలేనని సరిపెట్టుకున్నారని కూడా ఆ బోర్డు తేల్చింది.

అపోహ: నేల శుభ్రంగా ఉంటే చాలు.

నేల ఊడ్చినది అందరికీ కనబడుతుంది కాబట్టి అదే జరుగుతుంది. చూడవలసినవి దూలాలు, కేబుల్ ట్రేలు, లైట్ల పైభాగాలు. మిల్లీమీటరు మందం కూడా లేని పొరను ధూళి భద్రతా ప్రమాణాలు ప్రమాద సూచికగా ఎంచడం చాదస్తమేమీ కాదు, ఎందుకంటే విశాలమైన కప్పు కింద ఆ పొర మొత్తం బరువు చాలా ఎక్కువ. దాన్ని కంప్రెసర్ గాలితో ఊదడమంటే మేఘాన్ని మనమే తయారుచేయడం. లోహధూళికి తగిన, ఎర్తింగ్ ఉన్న వాక్యూమ్ యంత్రాన్నే వాడాలి. ఇంట్లో వాడే రకం పనికిరాదు. అల్యూమినియం గ్రైండింగ్ ధూళినీ, ఇనుప ధూళినీ ఒకే డస్ట్ కలెక్టర్‌లోకి పంపకూడదు. తుప్పుపట్టిన ఇనుము, అల్యూమినియం కలిస్తే అది విపరీతమైన వేడితో మండే థర్మైట్ మిశ్రమానికి దగ్గరవుతుంది.

అపోహ: అంటుకుంటే నీళ్లు కొట్టాలి.

కూడదు. ఎర్రగా కాలిన ఇనుము నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ధార పొడిని చెదరగొట్టి మంటను పెంచుతుంది. పూర్తిగా ఎండిన ఇసుకను గాని, లోహాల మంటలకు ఉద్దేశించిన ‘డి’ తరగతి పౌడరును గాని పారతో మెల్లగా కప్పి, చల్లారేదాకా కదపకుండా వదిలేయాలి.

అపోహ: తుప్పు పడితే సరుకే నష్టం.

తుప్పు పట్టడం వేడిని పుట్టించే చర్య. పెద్ద రాశిలో ఆ వేడి బయటికి పోలేక రాశి దానంతటదే రాజుకోవచ్చు. తడి తగిలిన సన్నని ఇనుము హైడ్రోజన్‌ను కూడా విడుదల చేస్తుంది. పాల్వంచలో 1980లో మొదలైన కర్మాగారం తర్వాత మన దేశంలో విస్తరించిన స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే తయారుచేసే, సన్నని రంధ్రాలతో నిండిన ఇనుము) పరిశ్రమ ఈ సంగతిని మరువకూడదు. 2004 ఫిబ్రవరిలో వెనిజులా నుంచి ఇటువంటి సన్నని ఇనుప సరుకుతో బయలుదేరిన యితాన్ అనే ఓడ పేలి మునిగిపోగా ఆరుగురు చనిపోయారు. పైగా తుప్పు పట్టే ఇనుము మూసిన గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, ఆ లోటు వాసనను బట్టి తెలియదు. అందువల్ల గోదాముల్లోకి, హాపర్లలోకి (పొడిని నిలవచేసే గరాటు ఆకారపు తొట్లు) దిగేముందు ఆక్సిజన్ మీటరుతో కొలిచి తీరాలి.

అపోహ: ఇనుము ఒంటికి మంచిదే గదా.

కడుపులోకి తగు మోతాదులో వెళ్తే మంచిదే, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కాదు. ఏళ్ల తరబడి పీల్చినవారి ఎక్స్‌రేలో మచ్చలుగా కనిపించే సిడెరోసిస్ మిగతా ధూళి వ్యాధులంత తీవ్రమైనది కాకపోయినా, మాస్కు మానేయడానికి అది సాకు కాదు. కంటిలో పడిన రేణువును నలపకూడదు, ఇంట్లో అయస్కాంతంతో లాగకూడదు. త్వరగా తీయించకపోతే దాని చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది. ఈ పనిలో ఎప్పుడైనా కంటిలో ఇనుము పడినవారు, బలమైన అయస్కాంతంతో పనిచేసే ఎంఆర్ఐ తీయించుకోవలసి వస్తే, ఆ సంగతిని ముందుగానే సిబ్బందికి చెప్పాలి.