గరుడ సేవ ఒకటే, ప్రతులు లక్షలు

బ్రహ్మోత్సవాల అయిదో రోజు రాత్రి తిరుమల మాడవీధుల్లో గరుడ వాహనం కదులుతుంటే, తిరుపతిలో కేబుల్ ఉన్న ఇంట్లో దృశ్యం సాఫీగా వస్తుంది. పక్కనే ఫోనులో చూసేవారికి ఒక్కోసారి చక్రం తిరుగుతూ ఉంటుంది. ప్రసారం అదే, ఇల్లు చేరే పద్ధతి వేరు.

కేబుల్ అడిగినా అడగకపోయినా అన్ని ఇళ్లకూ పంపేస్తుంది. అది బ్రాడ్‌కాస్ట్. ఫోనుకు వచ్చేది యూనికాస్ట్, అంటే ఎందరు చూస్తే అన్ని ప్రతులు. సెకనుకు 4 మెగాబిట్ల వీడియోను వెయ్యి మంది చూస్తే సర్వర్ల నుంచి 4 గిగాబిట్లు బయలుదేరాలి.

ఈ రెండింటికీ నడుమ దారి మల్టీకాస్ట్, అంటే అడిగిన గుంపుకే పంపడం. దాన్ని వెతికినవాడు స్టాన్‌ఫర్డ్ విద్యార్థి స్టీవ్ డీరింగ్. గురువు డేవిడ్ చెరిటన్‌తో కలిసి 1985లో ప్రతిపాదన రాశాడు. 1989లో అది ఆర్ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా స్థిరపడింది. అందులో చిరునామా గుంపుకు ఉంటుంది: 224.0.0.0 నుంచి 239.255.255.255 దాకా అన్నీ గుంపుల సంఖ్యలే. ఎవరు చూస్తున్నారో పంపేవాడికి తెలియనక్కరలేదు. కావలసినవారు తమ రౌటర్‌కు ఐజీఎంపీ (గుంపు సభ్యత్వం చూసే నియమావళి) సందేశం పంపి చేరతారు. ఆ రౌటర్ తన పై రౌటర్‌ను అడుగుతుంది. దారి చీలిన చోటే నకలు తీస్తారు కాబట్టి, అలిపిరి వైపు ఒక వీధిలో వంద ఇళ్లు చూస్తున్నా వీధి మొదటి పెట్టె దాకా వచ్చేది ఒక్క ప్రతే.

తొలి ఐజీఎంపీలో చేరడానికి సందేశం ఉంది, వెళ్లిపోవడానికి లేదు! చూడటం మానేసినా, రౌటర్ మళ్లీ అడిగి జవాబు రాక వదిలేసేదాకా వీడియో పారుతూనే ఉండేది. సెలవు చెప్పే సందేశం 1997లో రెండో రూపంతో వచ్చింది.

1992లో శాన్ డియేగోలో జరిగిన, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సమావేశం ధ్వనిని ఇలా దూరప్రాంతాలకు వినిపించారు. మధ్యలోని రౌటర్లకు మల్టీకాస్ట్ తెలియదు, అందుకని మామూలు ప్యాకెట్ల (డేటా ముక్కల) కడుపులో పెట్టి దాటించారు. ఎంబోన్ అనే ఆ ఏర్పాటు మీదే 1994లో రోలింగ్ స్టోన్స్ కచేరీలో కొంత భాగం వెళ్లింది.

ఆ తరువాత ఎందుకు ఆగిపోయింది? నా దృష్టిలో అసలు చిక్కు డబ్బు లెక్కల దగ్గరే. లోపలికి ఒకటిగా వచ్చిన ప్యాకెట్ వందగా బయటికి పోతే, సంస్థల మధ్య ఎవరు ఎవరికి ఎంత చెల్లించాలి? పైగా ప్రతి గుంపునూ దారిలోని రౌటర్లు గుర్తుపెట్టుకోవాలి, పోయిన ప్యాకెట్‌ను తిరిగి రప్పించే టీసీపీ ఇక్కడ పనికిరాదు. ఇంతలో 1998లో మొదలైన అకమై వంటి సంస్థలు ప్రతులను చూసేవారి దగ్గరి సర్వర్లలో పెట్టసాగాయి. జనం కూడా ఆపి, వెనక్కి తిప్పి, తీరిక వేళ చూడటం మరిగారు. అందరూ ఒకే క్షణం ఒకే దృశ్యం చూస్తేనే గదా మల్టీకాస్ట్‌కు లాభం!

గరుడ సేవకు అచ్చంగా సరిపోయే పద్ధతి అలా ఒకే యజమాని చేతిలోని నెట్‌వర్కులకే పరిమితమైంది. ఇంటర్నెట్ తీగ మీద వచ్చే ఐపీటీవీలో రిమోట్ నొక్కితే టీవీ పెట్టె పాత గుంపుకు సెలవు చెప్పి కొత్త గుంపులో చేరుతుంది. షేర్ మార్కెట్ ధరలూ చాలాచోట్ల ఇలాగే పంచుతారు. ఇంట్లో ప్రింటర్ ఎక్కడుందో ఫోను కనిపెట్టడానికి వేసే కేక కూడా 224.0.0.251 అనే గుంపుకే వెళ్తుంది.